నోట్లో గుండుసూదులు

టైలరమ్మ పెదవుల మధ్య ఎప్పుడూ నాలుగైదు గుండుసూదులు ఉంటాయి. వాటిని తీయకుండానే కొలతలు అడుగుతుంది, బేరమాడేవాళ్ళను కసురుతుంది, నవ్వుతుంది కూడా. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క. భర్త పక్కనే స్టూలు మీద కూర్చుని హుక్కులు కుడతాడు. చందాకో పన్నుకో ఎవరైనా వచ్చి "ఓనరెవరు?" అంటే చాలు, మిషను తొక్కుతూనే "ఆయన ఊళ్ళో లేరండీ" అనేస్తుంది. ఆయన తల వంచుకుని హుక్కులు కుడుతూనే ఉంటాడు.

సొంత షాపు నడిపే ఆడవాళ్ళకు, ఫోన్లో పడే చెల్లింపులు చూసి హామీ లేకుండానే లోను ఇస్తారని తెలిసి, రెండో మిషను కోసం ఆమే ఫోన్లో దరఖాస్తు పెట్టింది. పదిరోజులు ఎదురుచూశాక ఇవాళ బ్యాంకు అమ్మాయి వచ్చింది.

"ఓనరెవరండీ?"

"ఆయన ఊళ్ళో లేరండీ."

"అయ్యో, షాపు ఆయనదైతే ఈ లోను రాదండీ," అంటూ అమ్మాయి కాగితాలు మడిచేసింది.

హుక్కులాయన తలెత్తాడు.

"ఊళ్ళో లేకపోవడమేంటి, నీ పక్కనే చచ్చినట్టు కుడుతున్నానుగా! నాకు పని చెప్పేదెవరో ఆవిడకి చెప్పు."

మిషను ఆగింది. టైలరమ్మ గుండుసూదులు ఒక్కొక్కటే తీసి మిషను మీదున్న చిన్న సూదుల దిండుకు గుచ్చింది. ఖాళీ నోటితో మాట్లాడడం ఆమెకే కొత్తగా ఉంది.

"నేనేనండీ ఓనర్ని. రాసుకోండి."

అమ్మాయి నవ్వి కాగితాలు విప్పింది. "మరి ఈయన?"

"మా దగ్గరే పని," అంది టైలరమ్మ, సూదులు మళ్ళీ నోట్లో పెట్టుకుంటూ. "చెయ్యి కాస్త నిదానం గానీ, మనిషి మంచివాడే."