నాకు పొయ్యని అమ్మవారు

మా తోటికోడలి ఎడమ బుగ్గ మీద అమ్మవారి మచ్చలున్నాయి. చిన్నప్పుడు పోసినప్పుడు దురద ఆగక గోకేసుకుందట. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో ఆ మచ్చలు చూసి, గదిలోకి వెళ్ళి నా నున్నటి మొహాన్ని అద్దంలో ఇంకోసారి చూసుకునేదాన్ని. ఇప్పుడు ఆవిడ నగల మీద కూడా లేనంత కుళ్ళు నాకు ఆ మచ్చల మీద ఉంది.

నాకు అమ్మవారు పొయ్యలేదు. మా తమ్ముడికి పోసిన రోజునే మా నాయనమ్మ నన్ను తుమ్మపాల అత్తయ్య ఇంటికి పంపేసింది. ఒక్క పొక్కు లేకుండా తిరిగొచ్చానని వీధిలో అందరికీ చెప్పుకుని మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను.

తరవాత పెళ్ళయింది, కూతురు పుట్టింది, ఆ వెనకే కీళ్ళవాతం వచ్చింది. రోగాలతో పోరాడాల్సిన నా ఒంటి సైన్యం నా కీళ్ళనే శత్రువులనుకుని కొరుక్కుతింటోందని డాక్టరుగారు చెప్పారు. కంచే చేను మేసిందన్నమాట. దాన్ని అణచడానికి మాత్రలిచ్చారు. వేళ్ళు మళ్ళీ వంగాయి, పిల్లకి జడ వెయ్యగలిగాను. కానీ కాపలావాణ్ణి నిద్రపుచ్చితే దొంగకి అడ్డెవరు?

మొన్న వేసవిలో పిల్లకి ఒళ్ళంతా నీటిపొక్కులు లేచాయి. డాక్టరుగారు నాకూ ముందుజాగ్రత్తగా మందిచ్చి, పిల్ల దగ్గరికి అస్సలు వెళ్ళొద్దన్నారు. మీకు సోకితే ఊపిరితిత్తులకెక్కి ప్రాణం మీదికి రావచ్చన్నారు. ఒకసారి వచ్చి తగ్గినవాళ్ళ ఒంట్లో మాత్రం ఆ వైరస్‌ని గుర్తుపట్టే కణాలు ఏళ్ళ తరబడి మిగిలే ఉంటాయట. మళ్ళీ వస్తే గుమ్మంలోనే పట్టుకుంటాయట. ఆయన చెబుతుంటే నా కళ్ళు పక్కనే ఉన్న తోటికోడలి బుగ్గ మీదికి పోయాయి.

ఇంటికి రాగానే ఆవిడ, "నీకు పొయ్యలేదు కదా, నువ్వు మేడ మీదే ఉండు. పిల్లని నేను సూసుకుంటాను," అంది.

అంత మంచి మాటకి నా ఒళ్ళు మండిపోయింది.

మగవాళ్ళు బెల్లం మార్కెట్టుకి వెళ్ళిపోయాక కింద ఆ ఇద్దరి మాటలే. ఆవిడ గుమ్మానికి వేపమండలు కట్టింది, వంటలో తాలింపు మానేసింది, వేళకి మాత్రలు మింగించింది. దురదకి పిల్ల ఏడిస్తే వేపరెమ్మతో నిమురుతూ ఏవో కబుర్లు చెప్పేది. మొదట్లో పిల్ల ఏడుపులో "అమ్మా" అనేది. పోనుపోను "పెద్దమ్మా" అనడం మొదలుపెట్టింది. నేను మెట్ల మీద కూచుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. పిల్లకి తగ్గాలని నూకాలమ్మకి మొక్కుకున్నాను. ఆవిడ చేతుల మీదుగా మాత్రం తగ్గకూడదని కూడా అనుకున్నాను. పాడు బుద్ధే. అయినా అనుకున్నాను.

మా ఇంట్లో పొక్కులు మాడాక వేపాకూ పసుపూ వేసి కాచిన నీళ్ళు తల్లే పోస్తుంది. నా కూతురికి ఆవిడ పోసింది. చెంబు చప్పుడు మేడ మీదికి వినబడుతూనే ఉంది.

పక్కులన్నీ రాలిపోయాయి, ఇక భయం లేదని డాక్టరుగారు అన్నాక కిందికి దిగాను. చేతులు చాపాను. పిల్ల రాలేదు. పెద్దమ్మ కుచ్చిళ్ళు పట్టుకుని వెనక్కి జరిగింది.

"నాకూ పెద్దమ్మకీ ఇంక రాదంట. నీకే వత్తాదంట. దగ్గరికి రాకు," అంది.

నా ప్రాణం కోసమే ఆ మాట అంది. ఎవరు నేర్పారో నాకు తెలుసు. భయం లేదమ్మా, రా అని మళ్ళీ పిలిచాను. అది కదలకుండా ఆవిడ మొహంలోకి చూసింది.

ఆవిడ దాని వీపు మీద చెయ్యి వేసి, "ఇప్పుడేం పర్లేదే. అమ్మ కాడికెల్లు," అంది.

అప్పుడు వచ్చి నా ఒళ్ళో కూచుంది. నేను పిలిస్తే రాని నా కూతురు, ఆవిడ చెబితే వచ్చింది.