దొరది కాని రీలు

మీ వాడలో ఒక మనిషి నీళ్లలో మునిగి చనిపోతే, కారణం వెతకడానికి మీరు ముందు చెరువు దగ్గరికి వెళ్తారా, అతని భార్య దగ్గరికా? తొందరపడి జవాబు చెప్పకండి. నేనూ చెరువు దగ్గరికే వెళ్తాననుకునేవాణ్ని.

సిద్దిపేటలో మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఒక మోటారు మెకానిక్ ఉండేవాడు. కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగ్ చేసేవాడు. ఆదివారం వస్తే గాలం పట్టుకుని ఊరి బయటి చెరువుకు పోయేవాడు. అతని భార్య ముందుగదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. ఒకరోజు పాతసామాను కొట్లో ఆమె కంట గాలం రీలొకటి పడింది. దారం చుట్టే చక్రం, తిప్పడానికి చెక్క పిడి, అక్కడక్కడా మెరిసే ఇత్తడి. తెల్లదొరల కాలం నాటిదని కొట్టువాడు చెప్పాడు. మొగుడి కోసం కొని తెచ్చి వాడంతా చూపించింది. ఆమె అంత సంతోషంగా ఉండగా నేను మళ్లీ చూడలేదు.

విరిగిన పాత రీళ్లు తెచ్చుకుని, విప్పి, కడిగి, ఎప్పటివో తేల్చడం నాకు చాలా ఏళ్ల అలవాటు. అందుకే అతను దాన్ని నా దగ్గరికి తెచ్చాడు.

"సారు, గిది జూడున్రి. నిజంగనే దొరలదా? లేకుంటే ఆ పాతసామానోడు మా ఇంటామెకే గాలమేసిండా?"

నేను అప్పుడు అన్నం తింటున్నాను. చేయి కూడా కడుక్కోకుండా దూరం నుంచే చూసి, "పాతదే అనిపిస్తుంది పో" అన్నాను. విప్పలేదు. పరీక్షించనిదేదీ నమ్మొద్దని హేతువాద సభల్లో గొంతు చించుకునే నేను, ఎంగిలి చేత్తో తీర్పు చెప్పి పంపాను.

వానాకాలంలో ఒక ఆదివారం, చిక్కుకున్న గాలాన్ని విడిపించడానికి అతను ఆ రీలు బిగించిన గాలం కర్రను గట్టు మీద పెట్టి మోకాలి లోతు నీళ్లలోకి దిగాడు. రెండడుగుల అవతల, ఎండాకాలం మట్టి కోసం జేసీబీతో తవ్వి వదిలేసిన గుంత ఉంది. నీళ్లు నిండితే అది పైకి కనబడదు. అతనికి ఈత రాదు.

పదకొండో దినం గడిచాక వాళ్లింట్లో మాట మొదలైంది. ఎప్పుడో ఒక తెల్లదొర ఆ చెరువులో గాలమేస్తూ మునిగిపోయాడని మా వాడలో ఒక ముచ్చట ఉంది. చూసినవాళ్లు లేరు, రాసిన కాగితం లేదు. అత్త ఆ ముచ్చటను, ఈ రీలును కలిపి ముడేసింది. చచ్చిన దొర సామాను కోడలు ఇంట్లోకి తెచ్చింది, దాని కోసం దొర వచ్చి కొడుకును తీసుకుపోయాడు, కాబట్టి కోడలు చేర్యాలలోని తల్లిగారింటికి పోవాలి. దీనికి ఆమె చూపించిన సాక్ష్యం నేనే. పాతదని సారు గూడ చెప్పిండు గదా!

ఆ సంగతి నా చెవిన పడ్డ మర్నాడు పొద్దున్నే స్క్రూడ్రైవర్లు, భూతద్దం తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. అత్తామామలు గడప దగ్గర కూర్చున్నారు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఇద్దరున్నారు. కోడలు లోపల మిషను పక్కన నిలబడి ఉంది. ఆమె ఆ ఇంట్లో ఉండడమా, పోవడమా అన్నది నా చేతిలోని చక్రమే తేలుస్తుందనుకున్నాను.

రీలు వయసు చెప్పడానికి ఒక్క గుర్తు చాలదు. పైగా ఇది చూపులను మోసం చేసే రీలు. తెల్లటి పైపూత అరిగిపోయి లోపలి ఇత్తడి బయటపడింది, అంతే. చెక్క పిడి తర్వాతెవరో చెక్కి తగిలించింది. దాని మొదట్లో విరిగిన ప్లాస్టిక్ పిడి ముక్క ఇంకా అతుక్కుని ఉంది. స్క్రూల తలల మీద స్టార్ గాడి ఉంది, దొరల కాలపు రీళ్లకు మామూలుగా ఒంటి గీత గాడే ఉంటుంది. స్క్రూలు మధ్యలో ఎవరైనా మార్చి ఉండవచ్చు. అందుకని ఒకటి విప్పాను. దాని కింద పైపూత చెదరలేదు, రంధ్రంలో వేరే మర పట్టిన జాడ లేదు, అంటే స్క్రూలు మొదటివే. చివరికి, కర్రకు బిగించే పాదం అడుగున మురికి గీకితే జపాన్‌లో తయారైనట్టు అరిగిన ఇంగ్లీషు అక్షరాలు కనబడ్డాయి. విడివిడిగా బలహీనమైన ఈ గుర్తులన్నీ కలిసి ఒకటే మాట చెబుతున్నాయి. తెల్లదొరలు ఈ దేశం వదిలిపోయిన చాన్నాళ్లకు గానీ ఇది పుట్టలేదు.

"అవ్వా, ఇది జపాన్ల చేసింది. దొర పానంతోని ఉన్నప్పుడు ఈ రీలు పుట్టనే లేదు. ఆ దినం నేను చూడకుంటనే చెప్పిన. తప్పు నాది."

మామ దాన్ని అందుకుని అటూ ఇటూ తిప్పాడు. "గంతేనా? అయితే దొరది కాదన్నట్టు."

అత్త తలెత్తలేదు. "దొరది కాకుంటే ఇంకెవలిదో సచ్చినోనిది. బతికున్నోడు గింత మంచి సామాను పాతసామాన్లకేస్తడా?"

"జపానోడు గీడిదాంక ఎట్లొస్తడే? గజ్వేల్ల బస్సు మారాల్నా ఏంది?" అంది పక్కింటామె. పక్కనున్నామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వున్రి. పోయింది నా కొడుకు."

ఆ మాటకు నా సంచిలో ఏ పనిముట్టూ లేదు. అయినా ఊరుకోక గుంత సంగతి ఎత్తాను. తవ్వి విడిచిపెట్టినవాణ్ని అడగాలి గదా అవ్వా అన్నాను.

"గుంత అందరికుండె సారూ. నా కొడుకే ఎందుకు పడ్డడు?"

మూడు రోజుల తర్వాత కోడలు వెళ్లిపోతోందని తెలిసి బస్టాండుకు పోయాను. చేర్యాల బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. కుట్టుమిషను తలను పాత చీరలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. ఏమనాలో తోచక, అక్కడ కూడా కుట్టుపనికి గిరాకీ ఉంటుందిలే అన్నాను. ఆమె కిటికీ చువ్వల దగ్గరికి వంగింది.

"సారు, ఒక్కటడుగుత. అది నిజంగ దొరదే అయితే, నన్ను పొమ్మనుడు కరెక్టే అందురా?"

"అట్లెట్లంటనమ్మా!"

"మరి గా మాట ఆడ ఒక్కపారి గూడ అనకపోతిరి. స్క్రూలే జూపెడ్తిరి."

బస్సు కదిలిపోయింది. అవతలి పక్షం ఏ వాదం తెచ్చినా తిప్పికొట్టడం నేర్చినవాణ్ని నేను. వాళ్లు అడిగిన ప్రశ్నే తప్పని చెప్పడం మాత్రం మరిచిపోయాను. రీలు వయసు తేల్చడానికి కూర్చున్న క్షణమే, పాతదని తేలితే ఆమె దోషి అని ఒప్పుకున్నట్టయింది. ఆ గడప ముందు నేను చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. ఆమెకు పనికొచ్చే ఒక్క మాటా లేదు. గుంత తవ్వినవాడి ఇంటికి మాత్రం ఈ రోజుదాకా ఎవరూ భూతద్దం పట్టుకుని పోలేదు, నాతో సహా.

మీ వాడలోనూ మొగుడి చావును నెత్తిన మోస్తున్న ఆడమనిషి ఒకరు ఉండే ఉంటారు. ఆమె తెచ్చిన వస్తువు గురించో, ఆమె పాదం గురించో, జాతకం గురించో మీరూ విని ఊరుకునే ఉంటారు. ఈ పేజీ పక్కన పెట్టి ఇప్పుడే ఆమె ఇంటికి పోండి. రుజువులేవీ పట్టుకుపోవద్దు. ఈమె తప్పేమీ లేదని, ఈ ఇల్లు ఈమెదని, అత్తామామలకూ ఇరుగుపొరుగుకూ వినబడేలా గట్టిగా చెప్పండి. ఆమె చేతి మంచినీళ్లు అందరి ముందూ తాగండి. సాయంత్రానికి వాయిదా వేయకండి, లేవండి.