పెనుకొండ దాకా నువ్వు

నారాయణప్పకు ఒకటే జబ్బు. ఇద్దరు మనుషులు దేనికోసమైనా పోట్లాడుకుంటూ కనబడితే, దాన్ని చెరి సగం చేసేదాకా ఆయనకు అన్నం సహించదు. న్యాయం ఎవరిదో, సగం చేస్తే ఆ వస్తువు ఎవరికైనా పనికొస్తుందో లేదో ఆయనకు అనవసరం. సగం కావాలి, అంతే.

ఈ జబ్బు ఆర్టీసీలో అంటుకుంది. ముప్ఫై ఏళ్లు ఆయన అనంతపురం-హిందూపురం బస్సులో కండక్టరు. కిటికీలోంచి ఒకే సీటు మీద ఇద్దరు టవల్ వేసి జుట్టు పట్టుకుంటే మిగతా కండక్టర్లు మొహం తిప్పుకునేవాళ్లు. నారాయణప్ప మాత్రం ఎక్కడ లేని ఉత్సాహంతో మధ్యలో దూరేవాడు. "హోల్డాన్! పెనుకొండ దాకా నువ్వు కూచో. పెనుకొండ కాన్నుంచి ఆయప్ప. రైట్ రైట్!"

ఒకసారి ఆ రెండో మనిషి లబోదిబోమన్నాడు. "స్వామీ, నేను దిగేదే పెనుకొండలో!"

"అయితే దిగేముందర ఒకసారి కూచోని దిగప్పా. నీ హక్కు నేనెందుకు పోగొడతా?"

ఆ మనిషి నిజంగానే కూర్చుని లేచి దిగాడట. ఈ సంగతి నారాయణప్ప నాకు నూరుసార్లు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ తన తీర్పుకు తానే తల ఊపుకునేవాడు.

రిటైరయ్యాక బుక్కరాయసముద్రంలో మా సందులో ఇల్లు తీసుకున్నాడు. బస్సు లేని కండక్టరు ఎంత ప్రమాదమో మాకు అప్పటిదాకా తెలియదు. వారం తిరగకముందే మా సందునే బస్సు చేసేశాడు. ఎన్నికలప్పుడు ఆయన గోడ మీద రాసుకోవడానికి రెండు పార్టీల వాళ్లు కొట్టుకుంటుంటే గోడను చెరి సగం చేశాడు. ఎడమ సగంలో ఒక పార్టీ వాళ్లు తమ నాయకుడి పేరు రాసి, "గారి విజయం కోసం మీ ఓటు" దాకా వచ్చేసరికి సగం అయిపోయింది. కుడి సగంలో అవతలి వాళ్లు తమ గుర్తు వేసి "దీనికే" అని రాశారు. ఓటర్ల సంగతేమో గానీ రెండు పార్టీల వాళ్లూ ఒకే సాయంత్రం నారాయణప్పను కొట్టడానికి వచ్చారు. ఎవరు ముందు కొట్టాలని వాళ్లలో వాళ్లకే గొడవ వచ్చింది. దాన్నీ ఆయనే తీర్చబోయాడు. భార్య రామలక్ష్మమ్మ లోపలికి లాక్కెళ్లి తలుపు వేసింది.

"పెండ్లిలోనే నాకు తెలిసిపాయె సారూ" అనేది రామలక్ష్మమ్మ. "మూడు ముడులు కదా, సగం ఎట్ల చేయల్ల అని తాళి పట్టుకోని ఆలోచిస్తాండాడు. అయ్యవారు అరిస్తే గానీ కట్టల్యా."

రెండు వేల నాలుగులో వానలు మళ్లీ మొహం చాటేశాయి. బోర్లు ఎండిపోయాయి. మా సందుకు నాలుగు రోజులకొకసారి ట్యాంకరు వచ్చేది. వచ్చేదంటే, సందు పై కొసన ఆగేది. కిందికి దిగాలంటే మధ్యలో ఒక ఇరుకు దాటాలి. ఒక పక్క కరెంటు స్తంభం, ఇంకో పక్క నారాయణప్ప ఇంటి అరుగు. "పట్టదు సారూ" అని డ్రైవరు దివాకర్ చేతులెత్తేసేవాడు. పై కొసవాళ్లు బిందెలు నింపుకునేసరికి ట్యాంకరు ఖాళీ. పైకి సుంకమ్మ నాయకురాలు, కిందికి ఆంజినమ్మ. అంతకుముందు రెండుసార్లు కిందివాళ్లకు చుక్క అందలేదు. పైగా ఆంజినమ్మ కూతురు రేఖ కాన్పుకు వచ్చి ఉంది. మరునాడు పదకొండో రోజు, పురిటి స్నానం. ఇంట్లో ఉన్నవి రెండు బిందెల నీళ్లు.

అది అక్టోబరు. ఆ రోజు ట్యాంకరు రావాలి. పొద్దున ఆరున్నరకు నేను పళ్లు తోముకుంటుంటే నారాయణప్ప గోడ మీదుగా కేకేశాడు.

"సారూ, బెరీన రా! అమెరికాలో ఇద్దరు కొట్లాడతాండారు!"

వెళ్లి చూస్తే టీవీలో ఇద్దరు కోట్లు వేసుకుని చెరో బల్ల వెనక నిలబడి ఉన్నారు. అమెరికా అధ్యక్ష పదవికి పోటీ పడేవాళ్లని, ఓట్లకు ముందు జనం ఎదుట ఇలా వాదించుకుంటారని చెప్పాను.

"మధ్యలో ఆ కూచున్నాయప్ప ఎవరు?"

"ఆయన ప్రశ్నలడుగుతాడు. ఒక్కొక్కరికి రెండు నిమిషాలిస్తాడు. దాటితే ఆపేస్తాడు. ఎంతటివాడైనా సరే."

నారాయణప్ప లేచి నిలబడ్డాడు. టీవీకి చేతులు జోడించాడు. "సారూ, ఆయప్ప కండక్టరు!"

ఆ తర్వాత పోటీదారులిద్దరూ ఆయన కంటికి ఆనలేదు. గంటన్నరసేపు ఆ మధ్యలో మనిషినే చూశాడు. ఆయన చెయ్యెత్తితే "హోల్డాన్" అనేవాడు, అవతలివైపు తిరిగితే "రైట్ రైట్" అనేవాడు. ప్రపంచంలో తనలాంటివాడు ఇంకొకడున్నాడని తెలిసిన ఆనందం ఆ మొహంలో కనబడింది.

అనువాదం నా ఖర్మ. హైస్కూల్లో ఇరవై ఏళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నానంటే కర్తరి వాక్యాన్ని కర్మణిలోకి మార్చడం వచ్చని అర్థం. వాళ్లిద్దరూ పరీక్షలో అడిగే వాక్యం ఒక్కటీ మాట్లాడలేదు. అయినా నేను బెదరలేదు. మన జిల్లాలో ఐదు ఎన్నికల డ్యూటీలు చేసినవాణ్ణి. చెవులు మూసుకుని కూడా అనువదించగలను.

"ఏమంటాండాడు?"

"దేశం బ్రహ్మాండంగా ఉందట. ఇంకోసారి అవకాశమిస్తే ఇంకా బ్రహ్మాండం చేస్తాడట."

"ఆ పక్కాయన?"

"దేశం సర్వనాశనమైందట. తనకిస్తే బాగుచేస్తాడట."

"నీళ్ల గురించి ఏమన్నా చెప్పినారా?"

"ఇంకా లేదు."

పది నిమిషాలకొకసారి అదే ప్రశ్న, అదే జవాబు. చివరికి ఇద్దరూ నవ్వుతూ చేతులు కలుపుకుంటుంటే నారాయణప్ప పెదవి విరిచాడు. "అంత దేశం తిరిగినోళ్లు, ఒక్క బోరు గురించి మాట్లాడల్యా!"

"వాండ్లింట్లో కొళాయి వస్తాదిలే. నువ్వు మాట్లాడుదువు గానీ రా, వచ్చి ఆ బిందెలు బయట పెట్టు" అంది రామలక్ష్మమ్మ వంటింట్లోంచి.

ఆయన కదలలేదు. "సారూ, ఎన్నేండ్లు ఆ పదవి?"

"నాలుగు."

"ఇంకేమి? చెరి రెండేండ్లు. ఇంతసేపు నిలబడి గొంతులు పోగొట్టుకునేకి ఏముండాది? మన మండలంలో చేసుకోల్యా, చెరి రెండున్నర?"

మన మండలాధ్యక్ష పదవిలో మొదటి సగం కూర్చున్నాయన గడువు తీరినా కుర్చీ వదలలేదని, రెండో ఆయన ఇంకా గుడి చుట్టూ తిరుగుతున్నాడని గుర్తుచేశాను.

"వాండ్లకు సరైన కండక్టరు దొరకల్యా. అమెరికాకు ఉండాడు కదా. నువ్వు ఆయప్పకు ఒక జాబు రాయి సారూ."

అంతలో బయట కేకలు. మేము పరుగెత్తాం. సుంకమ్మ పదకొండు బిందెలు వరసలో పెట్టి ముందు నిలబడి ఉంది. ఆ వరస తెంచి ఆంజినమ్మ తన బిందె మధ్యలో దూర్చింది. ఇద్దరి చేతులూ గాలిలోకి లేచాయి.

"హోల్డాన్!" అన్నాడు నారాయణప్ప. అంత గట్టిగా ఆయన ఘాట్ రోడ్డు మీద కూడా అని ఉండడు. రెండు స్టూళ్లు తెప్పించాడు. ఒకదాని వెనక సుంకమ్మను, ఇంకోదాని వెనక ఆంజినమ్మను నిలబెట్టాడు. మధ్యలో కుర్చీ వేసుకుని తాను కూర్చున్నాడు. గడియారం నా చేతిలో పెట్టాడు. "అమెరికాలో ఇట్లనే చేస్తాండారు. చెరి రెండు నిమిషాలు. నేను ఆపమంటే ఆపల్ల. సుంకమ్మా, రైట్ రైట్!"

చదువుకున్న వాడిని, నలుగురిలో ఆ గడియారం పట్టుకుని నిలబడాల్సి వచ్చినందుకు నాకు ఒళ్లు మండింది. సందంతా మాత్రం గోడలెక్కి చూస్తోంది.

"ఈ ట్యాంకరు కోసం మండలాఫీసు ముందర మూడు దినాలు ఎండలో కూచున్నింది మా ఆయన!" అంది సుంకమ్మ. "ఈయమ్మ మొగుడు ఆ మూడు దినాలూ యాడుండెనో అడుగు!"

"నీ మొగుని పక్కనే ఉండె, గొడుగు పట్టుకోని!" అంది ఆంజినమ్మ.

గోడల మీద చప్పట్లు. అమెరికా వాళ్లు గంటన్నరలో ఇంత సూటిగా ఒక్క మాట అనలేదు.

"ఆంజినమ్మా, నీ వంతు. రైట్ రైట్!"

"నేను చెప్పేదేముండాది? మీరు బిందెలు తొలిపిన నీళ్లు వాలుకు మా వాకిట్లోకి వస్తాండాయి. అవే మా నీళ్లు. రేపు నా బిడ్డకు పురిటి స్నానం. రెండు బిందెలుండాయి. తల్లికి పోయల్లనా, పసిగుడ్డుకు పోయల్లనా? అది చెప్పమను సుంకమ్మను. ఆయమ్మ ఏం చెప్తే అది చేస్తా."

సుంకమ్మ మొహం చూశాను. ఆమె రాయి కాదు, ముగ్గురు పిల్లల తల్లి. కానీ ఇంతమంది ముందు ఓడిపోయినట్టు కనబడటం ఆమెకు చావుతో సమానం. గొంతు సవరించుకుంది.

"నేనేమన్నా వద్దంటినా? ట్యాంకరు ఆ స్తంభం కాడ పట్టదని డ్రైవరే అంటాండాడు. పట్టితే సగం తీసుకోపొమ్మను. నాదేం పోయింది!"

నా గడియారంలో ఇంకా నిమిషం ఉంది. నారాయణప్ప కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "టైమైపాయె! ఇద్దరూ ఒప్పుకున్నారు. సగం పైన, సగం కింద!"

ట్యాంకరు వచ్చింది. పై కొసన సగం పంచారు. నారాయణప్ప టవల్ భుజాన వేసుకుని బండి వెనక్కి వెళ్లాడు. "రివర్సు రా దివాకర్."

"పట్టదన్నా!"

"ముప్ఫై ఏండ్ల సర్వీసు రా నాది. రానీ... రానీ... కుడికి... రానీ..." ట్యాంకరు రేకు మీద అరచేత్తో టపటపా కొడుతున్నాడు. స్తంభానికి బెత్తెడు దూరం. "రానీ... రానీ..."

ధడాల్మని అరుగు మూల కూలింది. పెద్ద బండ దొర్లి వాకిట్లో ఒక పక్కకు పడింది. ట్యాంకరు ఆ సందులోంచి హాయిగా కిందికి దిగిపోయింది.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత సందు సందంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ముప్ఫై ఏళ్ల కండక్టరు సొంత ఇంటినే గుద్దించుకున్నాడు! సుంకమ్మ నవ్వి నవ్వి ఆంజినమ్మ భుజం మీద వాలిపోయింది. ఆంజినమ్మ ఆమెను పట్టుకుని తానూ నవ్వుతోంది. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే. రామలక్ష్మమ్మ బయటికొచ్చి, మొగుణ్ణి సందు చివరిదాకా వినబడేలా తిట్టింది. నారాయణప్ప తల వంచుకుని టవల్‌తో మొహం తుడుచుకున్నాడు. కింద ఆంజినమ్మ బిందెలు ఒకటొకటే నిండాయి.

ఆ సాయంత్రం టీ బంకు దగ్గర దివాకర్ కలిశాడు. అరుగు సంగతి చెప్పుకుని నేను మళ్లీ నవ్వబోతే వాడు నవ్వలేదు.

"సారూ, ఎవరికీ చెప్పొద్దు. నిన్న సాయంత్రం ఆయప్ప మా ఆఫీసు కాడికి వచ్చి నా బండిని టవల్‌తో కొలుచుకున్నాడు. మూరెడు చాలదు అన్నాడు. 'అరుగు మూల బండ కదిలిచ్చి, మళ్లా పైపైన పెట్టినా. నువ్వు ఊరికే తగిలిచ్చు, పడిపోతాది' అన్నాడు."

"అలాంటప్పుడు ముందే తీసేస్తే పోయేది కదా?"

"నేనూ అదే అంటి. 'తీసేస్తే నేను ఆంజినమ్మ పక్షం అనుకుంటాది సుంకమ్మ. నీళ్లు ఇచ్చినా మనసులో పెట్టుకుంటాది. నా తెలివితక్కువకైతే ఇద్దరూ కలిసి నవ్వుకుంటారు. కలిసి నవ్వినోళ్లు మళ్లా బిందెలతో కొట్టుకోరు' అన్నాడు సారూ."

పొద్దున నేను నవ్విన నవ్వు తలచుకుంటే సిగ్గేసింది. ఆయన్ను ఇన్నేళ్లు పిచ్చివాడి కింద జమకట్టి కథలు చెప్పుకున్నాను. అందరికన్నా ముందుచూపు ఉన్నవాడు ఆయనే.

నేరుగా వాళ్లింటికి వెళ్లాను. మిగిలిన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. విషయం తెలిసిందని చెప్పాను. గాభరాగా నా చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించాడు.

"దివాకర్‌గానికి నోట్లో నువ్వుగింజ నానదు. సారూ, నీకు దండం పెడతా, లోపల మా ఆయమ్మకు మాత్రం చెప్పొద్దు. ఈ బండలు వాళ్ల నాయన తాడిపత్రి నుంచి తెప్పిచ్చి ఇచ్చినాడు. నిన్న మధ్యాన్నం ఆయమ్మ నిద్రపోతాంటే గడ్డపార తీసుకోని కదిలిచ్చినా. తెలిస్తే ఇంట్లో ఉండనీదు."

తలుపు చప్పుడైంది. రామలక్ష్మమ్మ రెండు గ్లాసుల కాఫీ తెచ్చి మా ముందు పెట్టింది.

"అంత చప్పుడు చేస్తాంటే యా మనిషి నిద్రపోతాదయ్యా? సారూ, ఈయప్ప గంటసేపు మూలిగి కదిలిచ్చింది ఇంతే" అని చిటికెన వేలు చూపించింది. "ట్యాంకరు కొలిచేకి పోయినప్పుడు గడ్డపార పట్టుకోని మిగతాది నేనే పెకలించినా. లేకుంటే ఆ బండి ఆడే నిలబడుండు, ఆంజినమ్మ బిడ్డకు నీళ్లు అందేవి కావు."

నారాయణప్ప నోరు తెరుచుకుని ఆమెనే చూస్తున్నాడు.

"నన్నేం చూస్తాండావు? కాఫీ తాగి ఆ రాళ్లు పక్కకు ఎత్తిపెట్టు. సోమవారం మళ్లా ట్యాంకరొస్తాది."