లారీ వెనక మిణుగురు

మీ తాత నడిపిన లారీల గురించి పదిసార్లు అడుగుతారు. ఆ ఫొటోలో మీ తాత పక్కన పీలగా నిలబడ్డ మనిషి ఎవరని ఒక్కరన్నా అడిగారా? తిండికి తప్ప దేనికీ నోరు తెరవరు. వాడు నా తమ్ముడు. వాడే లేకపోతే మీ తాతా లేడు, నేనూ లేను, ఇక్కడ కూర్చుని కాళ్లూపడానికి మీరూ లేరు.

వాడిది లారీల షెడ్డులో లైట్ల పని. తీగలో కరెంటు ఉందో లేదో చూసే చిన్న బల్బు ఎప్పుడూ వాడి జేబులోంచి వేలాడుతుండేది. అందుకే అందరూ మిణుగురు అనేవాళ్లు.

ఆ ఏడు కొత్త లారీలు వచ్చాయి. వానలో వెనక లైట్లు ఆరిపోతున్నాయని ఇద్దరు డ్రైవర్లు మొత్తుకున్నారు. షెడ్డులో వేసి చూస్తే భేషుగ్గా వెలిగేవి.

"ఆరింది లైట్లు కాదు, మీ కళ్లు" అన్నాడు మేస్త్రీ. మావాడూ నవ్వాడు. నవ్వి, కాగితం మీద 'బాగుంది' అని రాశాడు. ఆ పొద్దున మీ తాత లారీకీ అదే రాసి పంపాడు. లారీ నిండా రాళ్లు. కొండ అవతల కాలు విరిగి పడుకున్న మా అత్తను చూద్దామని నేనూ ఎక్కి కూర్చున్నాను.

మేం బయల్దేరిన గంటకి షెడ్డులో ఇంకో లారీని కడుగుతుంటే, పైపు నీళ్లు వెనక దీపం మీద పడ్డాయి. టప్పున ఆరిపోయింది. ఆరబెడితే మళ్లీ వెలిగింది. మావాడు పరుగెత్తి మేస్త్రీని లాక్కొచ్చాడట. మేస్త్రీ లారీలు చేసిన కంపెనీకి ఫోన్ చేశాడు.

"మాకూ తెలిసింది. దీపాల్లోకి నీళ్లు దిగుతున్నాయి. ఆ రకం లారీలన్నీ వెనక్కి తెమ్మని కాగితం పంపుతున్నాం, వారంలో అందుతుంది" అన్నారట.

వారం! కొండ మీద అప్పటికే మబ్బు కమ్మేసింది. మావాడు పెద్ద టార్చికి ఎర్ర సంచి చుట్టి, వీపుకి కట్టుకుని స్కూటరెక్కాడు.

కొండ ఎక్కే ఘాట్ రోడ్డు మొదట్లో మమ్మల్ని అందుకున్నాడు. వాన, దానికి తోడు మంచు. పది బారల అవతల ఏమీ కనపడదు. కిటికీ పక్కకొచ్చి అరిచాడు.

"బావా! నీ వెనక లైట్లు పోయాయి!"

"ఆపుతున్నా, ఉండు!"

"ఆపకు! ఇక్కడ ఆపావంటే వెనకొచ్చేవాడు గుద్దేస్తాడు. పైన స్థలముంది, అక్కడిదాకా పద. నేను నీ వెనకాల ఉంటా!"

"నీకేమన్నా పిచ్చిరా? బస్సులొస్తాయి!"

"అందుకేగా వచ్చింది!"

నేను తల బయటపెట్టి, "ఒరేయ్, ఇంటికి పోరా!" అని తిట్టాను.

"తల లోపల పెట్టక్కా, నీ నోటికి బండి బెదురుతుంది" అన్నాడు వెధవ.

పదకొండు మలుపులు. అద్దంలో వాడి స్కూటర్ దీపం ఒక చుక్క, అంతే. మలుపు తిరిగినప్పుడల్లా మాయమయ్యేది. మళ్లీ కనపడేదాకా అద్దం మీంచి కళ్లు తిప్పేదాన్ని కాదు. ఎనిమిదో మలుపు దగ్గర బస్సు హారన్ మోగింది, బ్రేకు కీచుమంది. చుక్క కనపడలేదు.

"ఆపండి" అన్నాను.

"ఆపితే వాడు వచ్చినదంతా దండగ" అన్నాడు మీ తాత. గేరు మార్చి ముందుకే పోనిచ్చాడు.

తొమ్మిదో మలుపు దాటింది. లేదు. పదో మలుపు తిరుగుతుంటే, ఊగుతూ, ఊగుతూ కనపడింది.

పైన లారీ ఆగాక చూస్తే వాడి మోకాలు చెక్కుకుపోయి ఉంది. బస్సును తప్పించుకోబోయి జారి పడ్డాడట, దానికీ వాడికీ మధ్య జానెడు మిగిలిందట.

"ఏరా, నా లారీకి తోకగా పుట్టావా?" అన్నాడు మీ తాత, వాణ్ణి పట్టుకుని.

వాడు నవ్వలేదు. "పొద్దున బాగుందని రాసింది నేనే బావా" అన్నాడు.

ఆరో రోజున కాగితం వచ్చింది. లారీలన్నీ వెనక్కి వచ్చాయి, అన్నిటికీ వాడే కొత్త దీపాలు బిగించాడు. అప్పట్నుంచి బకెట్ నీళ్లు గుమ్మరించి చూడందే ఏ లారీకీ 'బాగుంది' అని రాయలేదు. "లారీకి ఇవాళ సబ్బు కూడా పెడతావా?" అని డ్రైవర్లు ఏడిపించేవాళ్లు. ఎండాకాలమైనా మానలేదు. పని మానేదాకా, ఇరవై ఆరేళ్లు అలాగే పోశాడు.

పోయేనాటికి వాడికి అరవై మూడేళ్లు.