ఆరు మార్కుల తేడా

బాపట్లలో నా టీచర్ ట్రైనింగు 1962లో పూర్తయింది. మనస్తత్వశాస్త్రం పేపరులో నూటికి డెబ్బైయెనిమిది వచ్చాయి. మా బ్యాచ్‌లో అవే ఎక్కువ. మనిషి తాను చేసిన పనికి తాను చెప్పుకునే కారణం ఒకటి, అసలు కారణం మరొకటి కావచ్చని, ఆ అసలుది మనసులో అతనికే కనిపించని చోట ఉంటుందని మూడు పేజీల జవాబు రాశాను. నాలుగు ఉదాహరణలు కూడా ఇచ్చాను. నాలుగూ ఇతరులవే.

1964 జూన్‌లో రేపల్లెలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరుగా చేరాను. తెనాలిలో మా తమ్ముడి ఇంట్లో ఉండి రోజూ రైల్లో వెళ్ళి వచ్చేదాన్ని. మాది మాగాణి వ్యవసాయం చేసే కుటుంబం. బళ్ళో సగం మంది మాలాంటి ఇళ్ళ పిల్లలే. సముద్రపు ఒడ్డు పల్లెల నుంచి వచ్చి, రేపల్లెలో చుట్టాల ఇళ్ళలో ఉండి చదువుకునే పిల్లలు కొద్దిమంది ఉండేవారు. వాళ్ళ నాన్నలు వేటకు వెళ్ళేవారు, అమ్మలు గంపలెత్తుకుని చేపలు అమ్మేవారు. నాకు అందరూ సమానమే అనుకునేదాన్ని. లెక్కల్లో పక్షపాతానికి చోటెక్కడిదని స్టాఫ్ రూములో పైకే అనేదాన్ని.

ఆ రోజుల్లో ఎనిమిదో తరగతి దాటిన పిల్లలకు రెండు దార్లుండేవి. కాంపోజిట్ లెక్కలు తీసుకుంటే తర్వాత సైన్సు చదవచ్చు. జనరల్ లెక్కలు తీసుకుంటే ఆ దారి మూసుకుపోయినట్టే. మా బళ్ళో కాంపోజిట్ సెక్షనుకు ఏడాది పరీక్షలో నూటికి అరవై రావాలి. 1967 ఏప్రిల్‌లో ఒడ్డు పల్లె పిల్ల ఒకతెకు యాభైయేడు వచ్చాయి. వేసింది నేనే. తెలివైన పిల్లే, మూడు మార్కుల్లో పోయిందే అని ఒక నిమిషం బాధపడి తర్వాతి కాగితం తీశాను.

దిద్దిన కాగితాలు ఒక రోజు ఇంటికి తీసుకెళ్ళి చూసుకోమని పిల్లలకు ఇచ్చేదాన్ని. మిగతా టీచర్లు ఇచ్చేవారు కాదు. నా దగ్గర దాపరికం లేదన్న గర్వం నాది.

ఏప్రిల్ 22, శనివారం. ఒంటిపూట బడి అయ్యాక రేపల్లె స్టేషనులో తెనాలి బండి కోసం నిలబడ్డాను. ఆ పిల్ల తల్లి ప్లాట్‌ఫారం మీద గంప దించి కూర్చుని ఉంది. శనివారాలు ఆమె దగ్గరే నేను చందువా చేపలు కొనేదాన్ని. ఆ రోజు గంప మీద కప్పిన గోనె తీయలేదు. లేచి వచ్చి, కొంగు చాటు నుంచి రెండు కాగితాలు తీసింది. ఒకటి కూతురిది. రెండోది కూతురి పక్కన కూర్చునే పిల్లది, రైతుల అమ్మాయిది.

“పంతులమ్మగారూ, ఒక్కసారి ఇటు సూడండి. నాకు సదువు రాదండి. ముగ్గు సూసినట్టు సూశాను. ఈ లెక్కా ఆ లెక్కా ఒకేలా ఉన్నయ్యి గదండి?”

పదిమంది కూలీలు ఒక పనిని ఎన్ని రోజుల్లో చేస్తారన్న లెక్క అది. చూశాను. “ఒకేలా ఉండవమ్మా. మీ అమ్మాయి మధ్యలో ఒక మెట్టు రాయకుండా వదిలేసింది.”

“ఆ పిల్లా వదిలేసిందంటండి. మా పిల్ల సెప్పింది. ఆ పిల్లకి అయిదు, మా పిల్లకి మూడున్నర ఏంటండి?”

పక్క గంప దగ్గర కూర్చున్న ఆడమనిషి పకపకా నవ్వింది. “పంతులమ్మగారికే లెక్కలు సెబుతున్నావేంటే! రేపట్నుంచి గంప మానేసి నల్లబల్ల మోస్తావా?”

“నువ్వూరుకోవే. నీ సేపల మీద ఈగలు ముసురుతున్నయ్యి, తోలుకో ముందు,” అని ఆమెను కసిరి, తల్లి మళ్ళీ నా వైపు తిరిగింది. గొంతు తగ్గించింది. “మీరు తప్పు సేశారనటం లేదండమ్మా. మా ఒడ్డున పడవ రాగానే సేపల్ని వాటాలేస్తారండి. కుప్పలు పోసినోడు ఏ కుప్ప ఎవరిదో సెప్పకూడదు. ఇంకొకణ్ణి సంద్రం వైపు తిప్పి నిలబెడతారు. ‘ఇదెవరిది?’ అంటే ఆడు ఎనక్కి సూడకుండా పేరు సెప్పాలండి. కుప్పలు పోసినోడు మంచోడేనండి. మంచోడైనా అంతే.”

బండి వచ్చింది. ఇంటికెళ్ళి చూస్తానని కాగితాలు రెండూ తీసుకున్నాను. చేపలు కొనడం మర్చిపోయాను.

ఆ సాయంత్రమంతా ఆ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఇద్దరూ ఒకే మెట్టు వదిలేశారు. ఒకరి కాగితం మీద ఎర్ర సిరాతో టిక్కు పెట్టాను. ఇంకొకరి దాని మీద “మెట్టు లేదు, శుభ్రత లేదు” అని రాశాను. అక్షరాలు నావే. రాసినట్టు గుర్తు లేదు.

మర్నాడు ఆదివారం. పిల్లలు తిరిగిచ్చిన మిగతా కాగితాల కట్ట నా సంచిలోనే ఉంది. ఆ తరగతిలో ఒడ్డు పల్లెల పిల్లలు ఆరుగురు. వాళ్ళ కాగితాలు, దగ్గర దగ్గర మార్కులొచ్చిన మరో ఆరుగురివి, మొత్తం పన్నెండు తీసి మా మరదలికిచ్చాను. పేర్లు చెప్పకుండా, వరసలు కలిపేసి, ఒక్కొక్క మెట్టూ పైకి చదవమన్నాను. నేను గోడ వైపు తిరిగి కూర్చుని విడిగా మార్కులు వేసుకున్నాను. నాలుగు గంటలు పట్టింది.

మధ్యలో మరదలు ఆగింది. “వదినా, ఇక్కడ శుభ్రత లేదని అర మార్కు తీసేశావు. ఈ కాగితం శుభ్రంగానే ఉందే?”

“మరకలుంటాయి చూడు.”

“ఏం లేవు. నా పద్దు పుస్తకం కంటే బాగుంది.” కాగితం ముక్కు దగ్గర పెట్టుకుంది. “కాస్త ఎండుచేపల వాసన వస్తోందంతే.”

మా ఇంట్లో అందరం చేపలు తింటాం. పిట్టలవానిపాలెంలో మా అమ్మమ్మ కూర వండితే రెండో పూటకు మిగిలేది కాదు. కానీ గంప మనిషి గుమ్మంలోకి వస్తే మా అమ్మమ్మ కొంగు ముక్కు మీదికి లాక్కునేది. కొనడం అయ్యాక ఆమె నిలబడ్డ చోట నీళ్ళు చల్లించేది. అలా చేయమని నాకెవరూ చెప్పలేదు. నేనెన్నడూ అలా చేయలేదు కూడా. ఆరేళ్ళ పిల్లగా చూశాను, అంతే.

లెక్క ఇలా తేలింది. మిగతా ఆరుగురిలో ఇద్దరికి అర మార్కు పెరిగింది, ఒకరికి ఒకటి పెరిగింది, ఇద్దరికి అర తగ్గింది, ఒకరిది మారలేదు. మొత్తం మీద తేడా ఒక్క మార్కు. ఒడ్డు పల్లెల పిల్లల్లో ఎవరికీ తగ్గలేదు, అందరికీ పెరిగాయి. ఆరు, మూడు, నాలుగు, రెండున్నర, ఐదు, నాలుగు. మొత్తం ఇరవైనాలుగున్నర. ఆ ఆరు మార్కులు పెరిగింది యాభైయేడు వచ్చిన పిల్లకు. ఆమెకు రావలసినవి అరవైమూడు.

“శుభ్రత లేదు” అన్న మాట ఆ ఆరు కాగితాల మీద పదకొండుసార్లు ఉంది. మిగతా ఆరింటి మీద రెండుసార్లు. ప్రశ్నపత్రంలో శుభ్రతకు మార్కులే లేవు. అర మార్కు తగ్గించాలని ఎక్కడో ముందే నిర్ణయం అయిపోయింది. కలం ఆ పని చేసేసింది. ఆ తర్వాత నాలోని లెక్కల టీచరు దానికి మర్యాదగా కనిపించే కారణం ఒకటి వెతికి పక్కన రాసింది. నేనంటే ఆ టీచరేనని అప్పటిదాకా నమ్మాను. నా కలం పట్టుకున్న ఆ రెండో మనిషితో నాకు పరిచయమే లేదు.

ఒకసారి అనుమానం మొదలైతే ఆగదు. సోమవారం బడి అయ్యాక రేపల్లె స్టేషనులో నేనెప్పుడూ ఎక్కే పెట్టె వైపు నడుస్తూ అడుగులు లెక్కపెట్టాను. తెనాలిలో గేటుకు దగ్గరగా ఆగుతుందని ఆ పెట్టె ఎక్కుతానని మూడేళ్ళుగా అనుకుంటున్నాను. చూస్తే గేటుకు దగ్గరగా ఆగేది గంపల వాళ్ళు ఎక్కే పెట్టె. నేను రోజూ నలభై అడుగులు ఎక్కువ నడుస్తున్నాను.

ఆ రోజు పొద్దున్నే హెడ్మిస్ట్రెస్ గారి గదికి వెళ్ళాను. రైలు దిగినప్పటి నుంచి ఉన్నది ఉన్నట్టు చెప్పాలనే అనుకున్నాను. ఆమె తలెత్తి, “ఏమ్మా?” అనగానే నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: “కూడికలో పొరపాటు జరిగిందండి. ఒకమ్మాయికి ఆరు మార్కులు తక్కువ పడ్డాయి.”

“నువ్వా? కూడికలో?” ఆమె కళ్ళజోడు తీసి నవ్వారు. “ఇవాళ వాన పడుతుందేమో గొడుగు తెచ్చుకోవాల్సింది.”

రిజిస్టరులో యాభైయేడు కొట్టేసి అరవైమూడు వేసి, పక్కన సంతకం చేశాను. మిగతా ఐదుగురి మార్కులు ముట్టుకోలేదు. ఆరు కూడికలు ఒకేసారి ఎలా తప్పాయని అడుగుతారు కదా. మార్కులు పెరిగినా వాళ్ళలో ఎవరూ అరవై దాటేవాళ్ళు కారు, పెరగకపోయినా పరీక్ష తప్పేవాళ్ళూ కారు, నష్టమేమీ లేదులే అనుకున్నాను. స్టేషనులో కూతురి కాగితం తిరిగిచ్చేస్తూ ఆ తల్లికి కూడా కూడిక పొరపాటనే చెప్పాను. ఆమె నా కాళ్ళకు దణ్ణం పెట్టబోతే వెనక్కి జరిగాను.

1971లో బాపట్ల బడికి బదిలీ అయ్యాక, పిల్లల చేత పేరు కాగితం వెనక రాయించి, దిద్దడం అయ్యేదాకా తిప్పేదాన్ని కాదు. చాలా ఏళ్ళు అలాగే చేశాను. నిక్కచ్చి మనిషని పేరొచ్చింది. ఎందుకు మొదలుపెట్టానని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

అసలు తప్పు గురించి అడిగింది ఒక్కతే, అదీ నేను బాపట్లకు రాకముందు. 1967 జూన్ 19, సోమవారం. కాంపోజిట్ సెక్షను మొదలై వారమైంది. బడి విడిచాక ఆ పిల్ల తన పాత కాగితం పట్టుకుని స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడింది. లోపల నేనొక్కదాన్నే ఉన్నాను.

“టీచరుగారండీ, మా అమ్మ కూడిక తప్పని చెప్పిందండి. నేను మూడుసార్లు కూడి చూశానండి. యాభైయేడే వస్తుందండి.”

చేతిలో కలం బల్ల మీద పెట్టాను.

“స్టేషన్‌లో మా అమ్మ అడిగిందని జాలిపడి వేశారాండీ? అట్లయితే నాకొద్దండి. జనరల్‌లోకి వెళ్ళిపోతాను. మా అమ్మకి నేను చెప్పుకుంటాను.”

పద్నాలుగేళ్ళ పిల్ల. కాగితం కదలకుండా పట్టుకుంది. నేను అబద్ధం మీదే నిలబడితే తను కష్టపడి సంపాదించుకున్న సీటును భిక్షమనుకుని వదిలేసేలా ఉంది. దగ్గరికి పిలిచాను.

“జాలిపడి వేయలేదు. అరవైమూడూ నువ్వు రాసినవే. కూడిక సరిగ్గానే ఉంది. దిద్దడం తప్పు. నీ పేరు చూసి తగ్గించాను. తగ్గిస్తున్నానని నాకు తెలియలేదు.”

ఆ పిల్ల కాగితం వైపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను. కోపం వస్తుందనుకున్నాను. క్షమించమని అడగడానికి మాటలు కూడా సిద్ధం చేసుకుంటున్నాను. తను తలెత్తి, లెక్కలో తర్వాతి మెట్టు అడిగినట్టు అడిగింది.

“అయితే మా పల్లెల వాళ్ళందరివీ అట్లాగే తగ్గాయాండీ? మిగతా ఐదుగురివీ?”

ఆ ఐదు కాగితాలూ నా బల్ల సొరుగులోనే ఉన్నాయి. కొత్త మార్కులు పెన్సిలుతో రాసి ఉన్నాయి. హెడ్మిస్ట్రెస్ గారు ఇంకా గదిలోనే ఉన్నారు, వరండాలోకి ఆమె గొంతు వినిపిస్తోంది.

“వాళ్ళ సంగతి నీకెందుకు? నీకు సీటొచ్చిందిగా. ఇంటికి వెళ్ళు,” అన్నాను.

ఆ మాట మాత్రం తెలిసే అన్నాను.