నలుగురికీ డెబ్బై రెండే

ఈ ఉదయం పరీక్ష హాలు బయట ఒక విద్యార్థిని చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది, చెమటతో తడిసిపోయింది. ఆ తడి తగలగానే సుగుణ మేడమ్ గుర్తొచ్చారు. గుంటూరులో మాకు నర్సింగ్ పాఠాలు చెప్పిన ట్యూటర్ ఆవిడ. ఒకప్పుడు అలాంటి చెయ్యి నాది.

మాది పొదిలి పక్కన పల్లె. అమ్మా నాన్నా మిరప కోతలకు వెళ్ళేవారు. మొదటి సంవత్సరం అనాటమీలో నేను రెండుసార్లు తప్పాను. "మూడోసారీ తప్పితే ఇంటికొచ్చెయ్ అమ్మా, మాతోపాటు కోతలకొద్దువుగాని" అన్నాడు నాన్న. తిట్టినా బాగుండేది. నిద్ర మానుకుని చదివేదాన్ని. ఎంత చదివితే అంత మరిచిపోయేదాన్ని.

పరీక్షకు వారం ముందు, వార్డులో నలుగురు రోగుల నాడి చూసి రాయమన్నారు. నా బుర్రంతా పుస్తకంలోనే ఉంది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండానే నాలుగు చార్టుల్లోనూ పుస్తకంలో ఉండే మామూలు లెక్క, డెబ్బై రెండని రాసేశాను. మేడమ్ వచ్చి చార్టులు తిరగేశారు.

"ఏమ్మా, నలుగురూ ఒకే గుండె పంచుకున్నారా? జ్వరంతో కాలిపోతున్న ఈ మామ్మక్కూడా డెబ్బై రెండేనా?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ నాచేతే మామ్మ నాడి లెక్కపెట్టించారు. తర్వాత నా మణికట్టు పట్టుకుని, గడియారం చూస్తూ నిమిషంపాటు లెక్కపెట్టారు.

"నీది నూట ఇరవై. ఎన్నాళ్ళయిందే కంటినిండా నిద్రపోయి?"

ఏడ్చేశాను. అంతా చెప్పాను.

"భయపడ్డావు, సరే. మామ్మ చెయ్యి పట్టుకోలేదు చూడు, అది మాత్రం క్షమించను" అన్నారు.

ఆ వారమంతా రోజూ సాయంత్రం ముందు నా నాడి చూసి, తర్వాతే ప్రశ్నలు అడిగారు. వేగంగా ఉంటే పుస్తకం మూయించి, అన్నం తిని పడుకోమని పంపేసేవారు. "గుండె అట్లా పరిగెడుతుంటే చదువెక్కడ నిలుస్తుందే?" అనేవారు. పరీక్ష రోజు హాలు గుమ్మంలోనూ చెయ్యి పట్టుకున్నారు. అత్తెసరు మార్కులతో గట్టెక్కాను.

ఇప్పుడు నేనూ ట్యూటర్నే. "అంతా మర్చిపోయాను మేడమ్" అంది ఈ ఉదయం ఆ పిల్ల. "ఏదీ ఎక్కడికీ పోదులే, నిమిషం నిలబడు" అన్నాను. నిమిషమంతా నాడి లెక్కపెట్టి లోపలికి పంపాను.

సుగుణ మేడమ్ లేరిప్పుడు. ఆవిడంటే నాకున్న ప్రేమా పోలేదు, భయమూ పోలేదు. ఏ రోగికైనా నాడి నిజంగానే డెబ్బై రెండు వస్తే, పట్టుకున్న చెయ్యి వదలను. మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెడతాను.