గంజి వరుసలో మునసబు విచారణ

దగ్గరికి జరిగి కూర్చోండి. చాప చాలనివాళ్ళు గోడకు ఆనుకోండి. సర్కారు కచేరీ పనులు ఎట్లా జరిగేవో అడిగారు కదా, ఒకటి చెబుతాను.

యాభైల మొదట్లో, వరసగా వానలు ఎగ్గొట్టిన కాలంలో, నన్ను కళ్యాణదుర్గం వైపు క్యాంపు డ్యూటీకి వేశారు. నేను డివిజన్ ఆఫీసులో దఫేదారును. అంటే ఎర్ర పట్టీ, ఇత్తడి బిళ్ళ వేసుకుని మా డివిజన్ ఆఫీసరు దొర ముందు నడవడం, కుర్చీ బల్ల వేయించడం, పేర్లు మూడుసార్లు పిలవడం. చదువు మూడో తరగతి. గొంతు మాత్రం పెద్దది.

కంబదూరు దగ్గర ఒక ఊళ్ళో గ్రామ మునసబు చనిపోయాడు. చిల్లర తగాదాలకు తీర్పు చెప్పేది మునసబే కాబట్టి ఊరికి అతనే హైకోర్టు. కొడుకు రామప్ప పేరు పైకి పోయింది. అయితే అతను మరీ మెత్తన, ఎవరి మాటా కాదనలేడు అని కూడా పైదాకా పోయింది. ఊళ్ళోనే విచారణ పెట్టి, ఆక్షేపణలు విన్నాకే ఖాయం చేస్తామన్నారు. రామప్ప చేను అప్పటికే ఎండిపోయింది. ఈ పదవి రాకపోతే పెళ్ళాం పిల్లలతో బళ్ళారి వైపు కూలికి పోవాల్సిందే.

ముందురోజు తలారితో తప్పెట వేయించాను, "రేపు చావడికాడికి దొరగారొస్తాండారు, అందరూ రావాల" అని. ఆ కరువులో తప్పెట మోగితే జనానికి తెలిసింది ఒకటే, సర్కారు గంజి. తెల్లారేసరికి ఊరు ఊరంతా ముంతలు, తపేలాలు పట్టుకుని చావడి ముందు వరుస కట్టింది.

ఆక్షేపణ ఉన్నవాళ్ళు ముందుకు రావాలని మూడుసార్లు పిలిచాను. వరుస మొత్తం ఒక అడుగు ముందుకేసింది.

పిలుపుకు ముందుకొచ్చిన ప్రతివాణ్ణీ అడగాలి, గుమాస్తా రాసుకోవాలి, వేలిముద్ర వేయించాలి. అది రూలు. దొర కుర్రవాడు, రూలంటే ప్రాణం. మొదటివాణ్ణి నీ ఆక్షేపణ ఏమిటని అడిగాడు.

"పోయినసారి నీళ్ళగా ఉండె సామీ. ఈసారన్నా రోంత చిక్కగా పోయించండి."

గుమాస్తా అదే రాసుకున్నాడు. రెండోవాడు ఉప్పు లేదన్నాడు. మూడోవాడు నా వైపు తిరిగి, "ఏమప్పా సాయిబన్నా, ఏలిముద్ర ఏస్తే ఇంగో ముంత పోస్తారా?" అన్నాడు.

రామప్ప చెమటలు తుడుచుకుంటున్నాడు. గంజి పలచన గురించైనా సరే, కాగితం మీదికెక్కితే ఆక్షేపణ ఆక్షేపణే. సాయంత్రానికి ఊరంతా అతనికి ఎదురు తిరిగినట్టు రికార్డవుతుంది. ఇక ఆగలేక, తాగి వెళ్ళిపోతారని, విత్తనానికి దాచిన కొర్రలతో అండాలో గంజి కాయించి మోయించుకొచ్చాడు. సాక్షులకు తిండి పెడితే లంచమని దొర ఆపాడు. ఆకలిమీదున్న జనం తాగందే కదలరని నేను మెల్లగా విన్నవించుకున్నాను. దొర ఆలోచించి, వేలిముద్ర పడినవాడు ఇక సాక్షి కాడు కాబట్టి ముద్ర తర్వాతే గంజి అని హుకుం ఇచ్చాడు. రామప్ప గరిటె పట్టుకున్నాడు.

అప్పుడొచ్చింది నాగమ్మ, అతనికి పిల్లనిచ్చిన అత్త. అల్లుడి తరఫున మంచి మాట చెప్పడానికి పక్క ఊరి నుంచి నడిచొచ్చింది. అతని కోసం వచ్చిన సాక్షి ఆమె ఒక్కతే. నేరుగా అండా దగ్గరికి పోయి ముంత చాపింది.

"ఏమత్తా, యాడికి? ఎనక్కి పోయి నిలబడు."

"నాకా చెప్తాండావు? నీకు పిల్లనిచ్చినదాన్నయ్యా!"

"పిల్లనిచ్చినోళ్ళకు ఈడ ఏరే వరుస లేదు."

"ఈయప్పకు నోరుండాదే!" అన్నాడు వరుసలో ఎవడో. అందరూ నవ్వారు.

నాగమ్మ గిరుక్కున తిరిగి బల్ల దగ్గరికొచ్చింది. "రాసుకో సామీ. సొంత అత్తని కూడా చూడలేదు. ఇట్లాటోనికి పదవిస్తే రేప్పొద్దున ఎవురి మొగమూ చూడడు. ఇయ్యాకండి!"

దొర ఆ మాట గుమాస్తాతో రెండుసార్లు చదివించుకున్నాడు. ఆ రోజంతటిలో రామప్ప మీద వచ్చిన అసలు ఆక్షేపణ అదొక్కటే. దాని కిందనే, ఖాయం చేస్తున్నట్టు సంతకం పెట్టాడు. వేలిముద్ర వేసింది కాబట్టి నాగమ్మకూ గంజి పోశారు, వరుస చివర.

ఆ తర్వాత నా సర్వీసులో ఎవరి గుణమైనా తెలుసుకోవాల్సి వస్తే, పొగిడేవాళ్ళ కంటే ముందు అతని సొంతవాళ్ళలో అలిగినవాళ్ళెవరో, ఎందుకు అలిగారో కనుక్కునేవాణ్ణి. తప్పెట వేయించినప్పుడు దేనికోసమో కూడా చెప్పించేవాణ్ణి.

ఇంత ఓపికగా విన్నారు. మీ ఊళ్ళో కప్పులన్నీ కారేంత వాన కురవాలి, మీ ఇంటి కప్పు మాత్రం కారకూడదు. పిల్లాపాపలతో చల్లగా ఉండండి.